చెన్నైకి మారాక డైవింగ్‌కు, స్పియర్‌ఫిషింగ్‌కు తోడు వెతుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు నుంచి ఉద్యోగరీత్యా చెన్నై చేరి, ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఫ్లాటు అద్దెకు తీసుకుని, ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) సంచిని మంచం కిందికి తోసేసిన తెలుగువారు ఎదురుపడినప్పుడల్లా డైవింగ్ గురించి, స్పియర్‌ఫిషింగ్ (ఊపిరి బిగబట్టి దిగి ఈటెతో చేపలు కొట్టడం) గురించి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. తీరం మారితే చేపలు, నీటివాటాలు (ప్రవాహాలు) మారతాయన్నది అందరికీ తెలుసు. నీటిలో మనల్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని కూడా మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవాలన్నది మాత్రం వచ్చాక గాని తెలియదు.

విశాఖలో ఏళ్ల తరబడి ఒక్కడినే దిగాను. చెన్నైలో మాత్రం తోడు ఎందుకు?

విశాఖలోనూ ఉండవలసింది. ఊపిరి బిగబట్టి దిగేవారికి పెద్ద గండం పైకి వచ్చేటప్పుడు ఉంటుంది. 20 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీది కంటే మూడింతలు. ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ ఊపిరితిత్తుల్లో మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్ కూడా రక్తంలోకి బాగానే చేరుతుంది, మనకూ హాయిగానే ఉంటుంది. పైకి వస్తున్న కొద్దీ ఒత్తిడి పడిపోతుంది, దానితోపాటు ఆక్సిజన్ కూడా చాలక పోతుంది. చివరి 10 మీటర్లలోనే ఒత్తిడి సగానికి తగ్గుతుంది. చాలామందికి స్పృహ తప్పేది అక్కడే, లేదా తల నీటిపైకి వచ్చిన తర్వాత కొన్ని సెకన్లలోపే.

దీనికి ముందస్తు హెచ్చరిక ఉంటుందని నమ్మకండి. గాలి పీల్చాలన్న తపన ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల పుడుతుంది. దిగే ముందు గబగబా గాలి పీల్చి వదిలేవారు కార్బన్ డయాక్సైడ్‌ను ముందే బయటికి తోసేస్తారు. దాంతో తపన ఆలస్యమవుతుంది, ఆక్సిజన్ మాత్రం తన దారిన తాను అయిపోతూనే ఉంటుంది. వేటలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే కంటి ముందు చేప ఉంటే ఇంకో ఐదు సెకన్లు ఆగుదామనిపిస్తుంది.

స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని వెంటనే నీటిపైకి ఎత్తి పట్టుకుంటే సాధారణంగా కొద్ది క్షణాల్లోనే తేరుకుంటాడు. పట్టుకునేవారు లేకపోతే మునిగిపోతాడు. ఎన్నేళ్ల అనుభవం, ఎంత దమ్ము అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు.

చెన్నై నీళ్లలో అసలు ఏమైనా కనిపిస్తుందా?

కనిపించే రోజులు ఉన్నాయి, తక్కువ. విశాఖలో జోడుగుళ్లపాలెం, రుషికొండ, యారాడ దగ్గర ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్లినా రాళ్లు తగులుతాయి. చెన్నైలో ఒడ్డు నుంచి వెళితే చాలాచోట్ల ఇసుకే. రాతి దిబ్బలను ఇక్కడి మత్స్యకారులు పార్ అంటారు, అవి తీరానికి దూరంగా ఉంటాయి కాబట్టి పడవ కావాలి. అంటే మీరు వెతుక్కోవలసింది ఒక మనిషిని కాదు: ఒక తోడును, ఒక పడవ యజమానిని.

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఆశ పెట్టుకోవద్దు. వానలు, తుఫానులు, నదుల బురద అన్నీ అప్పుడే. సాధారణంగా ఫిబ్రవరి నుంచి మే వరకు మెరుగు. ఎండాకాలంలో మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి లేచి అలలు పెరుగుతాయి కనుక తెల్లవారుజామునే బయలుదేరాలి. ఆదివారం పది గంటలకు లేచేవారితో జోడీ కుదరదు, వారు ఎంత మంచివారైనా సరే.

కూవం, అడయారు నదులు సముద్రంలో కలిసేచోట్లు, ఎన్నూరు వాగు నోరు పూర్తిగా వదిలేయండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదలప్పుడు ఎన్నూరు వాగులోకి చమురు చేరిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. ఓడరేవుల పరిసరాలు, కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం దరిదాపులు కూడా మనవి కావు. స్పియర్‌గన్‌తో అక్కడ కనిపిస్తే ఏ సమాధానమూ సరిపోదు.

మనిషిని ఎక్కడ వెతకాలి?

నీళ్ల దగ్గర. ఫోనులో వెతికితే దొరికేవారు ఎక్కువగా ఫొటోలకు దొరికేవారు.

అన్నిటికంటే సులువైన దారి మళ్లీ ఒక కోర్సులో చేరడం. మీకు వచ్చిందే అయినా పరవాలేదు. ఎస్‌ఎస్‌ఐ, ఐడా, మోల్చనోవ్స్, ప్యాడి వంటి సంస్థల ఫ్రీడైవింగ్ (ట్యాంకు లేకుండా ఊపిరి బిగబట్టి దిగడం) మొదటి స్థాయి కోర్సుల్లో రక్షణ పాఠం తప్పనిసరి. ఐడా రెండో స్థాయికి రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టాలి, కొలనులో 40 మీటర్లు నీటి అడుగున ఈదాలి, సముద్రంలో కనీసం 12 మీటర్లు దిగాలి. ఏళ్ల తరబడి దిగినవారికి ఇవి పెద్ద అంకెలేమీ కావు. కానీ పక్కన అదే కోర్సు చేస్తున్నవారు నలుగురైదుగురు ఉంటారు, వారిలో ఎవరు శ్రద్ధగా వింటున్నారో, ఎవరు గడియారం చూసుకుంటున్నారో రెండు రోజుల్లో తెలిసిపోతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత సమాచారం ఇంకెక్కడా రాదు. చెన్నైలో తేదీలు కుదరకపోతే పుదుచ్చేరికి వెళ్లండి. స్కూబా (ట్యాంకులోని గాలి పీలుస్తూ చేసే డైవింగ్) అక్కడ బాగా స్థిరపడింది, తీరం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు మీద మూడు గంటల ప్రయాణం.

రెండోది ఈత కొలను. వేళచ్చేరి ఆక్వాటిక్ కాంప్లెక్స్ వంటి చోట్ల రోజూ ఈదేవారిలో సముద్రం మీద మనసున్నవారు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. పొడవాటి ఫిన్స్ తెచ్చుకున్న మనిషి కనిపిస్తే పలకరించడానికి వేరే సాకు అక్కర్లేదు.

మూడోది ఎవరూ తలచని దారి: తాబేళ్ల నడక. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చెన్నై తీరంలో గుడ్లు పెడతాయి. నీలాంకరై నుంచి బెసంట్ నగర్ వరకు ఇసుకలో రాత్రంతా నడిచి గూళ్లు వెతికే స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. రాత్రంతా నిద్ర మానుకుని ఒక గూడు కోసం నడిచేవారికి ఓపిక ఎక్కువ, తీరం గురించి తెలిసినదీ ఎక్కువ. వారిలో అందరూ దిగరు, దిగేవారు ఎవరో మాత్రం చెప్పగలరు. అయితే అక్కడికి వెళ్లి మొదటి మాటగా స్పియర్‌ఫిషింగ్ ఊసెత్తకండి. 2025 జనవరిలో వందలాది తాబేళ్లు చచ్చి ఈ ఒడ్డుకు కొట్టుకొచ్చిన దృశ్యం వారు మరిచిపోలేదు.

కోవళంలో అలల మీద సర్ఫింగ్ చేసే కుర్రాళ్లలో చాలామంది మత్స్యకార కుటుంబాలవారే. నీటిలో ఎవరి సత్తా ఎంతో, పడవ ఎవరిదో, ఏ పార్ మీద ఏమున్నదో వారికి తెలిసినంతగా డైవింగ్ దుకాణాల్లో తెలియదు.

తమిళం రాదు. ఇబ్బందా?

అనుకున్నంత కాదు. కాసిమేడు హార్బరు పడవల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి పనిచేసేవారు ఉంటారు. తెలుగులో పలకరిస్తే ముందు ఊరి పేరు అడుగుతారు, తర్వాతే మాట. రాయపురం వైపు తరాల తరబడి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. దక్షిణాన కుప్పాలలో, అంటే మత్స్యకార పల్లెల్లో, కాస్త తమిళం కావాలి. "అణ్ణా, తణ్ణి ఎప్పడి ఇరుక్కు?" అని అడగగలిగితే చాలు. జవాబులో తెళివు అని వినిపిస్తే నీళ్లు తేటగా ఉన్నట్టు, కలంగల్ అంటే ఇంటికి పోవచ్చు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే వాటాన్ని తెండి అని, ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేదాన్ని వన్ని అని అంటారు. ఏది ఎప్పుడు నీళ్లను తేటపరుస్తుందో వారినే అడగండి. వాతావరణ యాప్ చెప్పని సంగతులు అవి.

నీటిలో మాత్రం భాషతో పని లేదు. చేతి సైగలు ముందే మాట్లాడుకోండి. స్కూబావారి సైగలు, ఫ్రీడైవింగ్‌వారి సైగలు అన్నీ ఒకటి కావు.

కొత్తవారికి మొదటి సందేశం ఎలా పంపాలి?

"హాయ్, డైవింగ్‌కు వెళ్దామా?" అన్న దానికి జవాబు రాకపోతే బాధపడకండి. మీ గురించి అవతలివారు నిర్ణయించుకోవడానికి కావలసినవన్నీ అందులో ఉండాలి. ఈ ధోరణి బాగుంటుంది:

"నమస్తే అండీ. విశాఖ నుంచి ఈ మధ్యే బదిలీపై వచ్చాను, షోలింగనల్లూరులో ఉంటున్నాను. ఫ్రీడైవింగ్ మొదటి స్థాయి చేశాను. అలసట లేకుండా దిగే లోతు 12 మీటర్లు, అంతకు మించి తొందర లేదు. వేట వస్తుంది కానీ మొదటి కొన్నిసార్లు గన్ లేకుండానే దిగుదాం. ఒకరు కింద ఉంటే ఒకరు పైన ఉండే పద్ధతి తప్ప ఇంకో రకంగా దిగను. శనివారాలు తెల్లవారుజామున ఖాళీ. ముందు కొలనులో కలుద్దామా?"

ఇందులో 12 అన్న అంకె నిజమైనది కావాలి. ఒక్కసారి, ఒక మంచి రోజున, 20 దిగి ఉంటే ఆ ముచ్చట తర్వాత చెప్పుకోవచ్చు. లోతును పెంచి చెప్పేవారు ఎక్కువ, తగ్గించి చెప్పేవారు అరుదు. ఆ రెండో రకం వారు దొరికితే వదలకండి.

మొదటిసారి కలిసినప్పుడు ఏం చూడాలి?

కొలనులో, లోతు తక్కువ ఉన్న చోట మొదలుపెట్టండి. మీరు నీటి అడుగున ఒక పొడవు ఈది పైకి రండి. వచ్చాక గోడ పట్టుకుని, కావాలనే ఏమీ మాట్లాడకుండా ఊపిరి తీసుకుంటూ ఉండండి. ఆ మనిషి ఏం చేస్తున్నారో గమనించండి. మీ ముఖం వైపు చూస్తున్నారా? పెదవుల రంగు, కళ్లు, గడ్డం వణకడం, తల ఊగడం ఇవన్నీ చూస్తున్నారా? లేక మీ తల బయటపడగానే "భలే" అని తన మాస్క్‌లో ఉమ్మి రాసుకుంటున్నారా? పైకి వచ్చిన తర్వాత కనీసం 30 సెకన్లు కళ్లు తిప్పకుండా చూడటమే తోడు చేసే అసలు పని. మిగతాదంతా ఈత.

తర్వాత రక్షణ సాధన. ఒకరు స్పృహ తప్పినట్టు నటించాలి. రెండోవారు గడ్డం కింద ఒక చేయి, తల వెనుక ఒక చేయి వేసి పైకి తేవాలి, ముఖం నీటిపైన ఉంచాలి, మాస్క్ తీసేయాలి, కళ్ల కింద ఊదాలి, చెంప తట్టాలి, పేరు పెట్టి పిలిచి ఊపిరి తీసుకోమనాలి. స్పందన లేకపోతే నోటితో శ్వాస అందించాలి. చదవడానికి పట్టినంతసేపు కూడా పట్టదు, చేతులకు అలవాటైతే. అలవాటు లేకపోతే మాస్క్ పట్టీ జుట్టులో చిక్కుకోవడం దగ్గరే ఆగిపోతారు. పేరు అన్నాను కదా, ఆఫీసులో వాడే పొడి పేరు చాలదు, ఇంట్లో పిలిచే పేరు కూడా చెప్పి ఉంచండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

వెయిట్ బెల్ట్ కూడా చూడండి. నీటిపైన ఊపిరి పూర్తిగా వదిలేసినా మనిషి తేలాలి. మునిగిపోతే బరువు ఎక్కువైనట్టే. బెల్ట్ కొక్కెం ఒక్క చేత్తో, ఒక్క లాగుడుతో ఊడిపోవాలి. ఒకరి బెల్ట్‌ను ఒకరు ఊడదీసి చూసుకోవడం మొదటి పరిచయంలోనే జరగాలి, మొహమాటం పనికిరాదు.

ఇవన్నీ ముగిశాక ఎక్కడైనా కూర్చుని కాఫీ తాగండి. "ఈ మధ్య ఎప్పుడైనా మధ్యలో మానేసి వచ్చేశారా?" అని అడగండి. మానేసిన కథ ఒకటైనా చెప్పగలిగినవారు నాకు నచ్చుతారు.

నాకంటే లోతుగా దిగేవారైతే మంచిదా?

నేర్చుకోవడానికి మంచిది, జోడీగా కష్టం. వారు 25 మీటర్ల దగ్గర ఇబ్బంది పడితే 12 మీటర్లవారు పైనుంచి చూస్తూ ఉండటం తప్ప చేయగలిగింది లేదు. ఇద్దరిలో తక్కువ దిగేవారి లోతే ఇద్దరి హద్దు. దీనికి ఒప్పుకునే గొప్ప డైవర్లు ఉన్నారు, అడిగి చూడండి. ఒప్పుకోకపోతే వారిని దూరం నుంచి గౌరవించండి.

స్కూబా బడ్డీ ఉన్నారు. ఆయనతోనే వేటకు వెళ్లవచ్చా?

స్కూబా ట్యాంకు వేసుకున్నవారు ఊపిరి బిగబట్టి దిగేవారికి తోడు కాలేరు. వారి ఎక్కే వేగం వేరు, ఆగే లెక్కలు వేరు. ఆపదలో మీతోపాటు గబగబా పైకి వస్తే వారికే ముప్పు. ఆయన కూడా ట్యాంకు పక్కన పెట్టి, ఫ్రీడైవింగ్ నేర్చుకుని వస్తే సరే. స్కూబాతో చేపలను వేటాడటం చాలా దేశాల్లో నిషేధం. నిషేధం లేని చోట కూడా పట్టింపు ఉన్న వేటగాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. స్కూబా చేసిన రోజునే లోతైన ఫ్రీడైవింగ్ కూడా వద్దు, శరీరంలో మిగిలిన నైట్రోజన్‌తో చెలగాటం అది.

చట్టం ఏమంటుంది?

తీరజలాల్లో చేపల వేట రాష్ట్ర పరిధిలోనిది. తమిళనాడుకు 1983 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో మీరు ఒక్క గన్‌తో దిగడం వేరే సంగతి కావచ్చు, కానీ మరపడవలన్నీ ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు సరదా వేటగాడు చేపల గుత్తితో నడిచి రావడం చూసేవారికి ఎలా ఉంటుందో ఆలోచించండి. నేనైతే ఆ రెండు నెలలు గన్ బయటికి తీయను. నీళ్లు బాగుండే కాలమే కాబట్టి దిగడం మాత్రం మానను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సముద్ర తాబేళ్లు, తిమింగల సొర, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, రాకాసి గ్రూపర్ చేప అన్నీ రక్షిత జాతులే. చివరిది గుర్తుపెట్టుకోండి. కలవా అని ఇక్కడ పిలిచే గ్రూపర్లలో పెద్దది కనిపించగానే చేయి ట్రిగ్గర్ మీదికి పోతుంది. గుర్తుపట్టలేని చేపను కొట్టకూడదన్న నియమం తోడుతో ముందే అనుకోండి.

దక్షిణాన రామేశ్వరం, తూత్తుకుడి వైపు యాత్ర వేస్తే మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానంలోని 21 దీవులు, 2022లో ప్రకటించిన పాక్ బే డుగాంగ్ సంరక్షణ ప్రాంతం దారిలో ఉంటాయి. అటు వెళ్లేటప్పుడు గన్ ఇంట్లోనే ఉండనివ్వండి.

చెన్నైలో కూడా మొదటిసారి గన్‌తో దిగే ముందు మీరు దిగదలచిన చోటి పేరు చెప్పి మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి రండి. ఒక పూట పోతుంది. బీచ్‌లో పోలీసుకు సమాధానం చెప్పడానికి పోయే పూట కంటే అది హాయి.

మత్స్యకారులతో గొడవ రాకుండా ఎలా?

వారి పార్ మీద, వారి వలల మధ్య, వారిని అడగకుండా దిగితే గొడవ వస్తుంది, రావాలి కూడా. తీరానికి దగ్గరి నీళ్లు చిన్న పడవలవారి జీవనాధారం. ప్రతి కుప్పానికి పెద్దలు, పంచాయతీ ఉంటాయి. అక్కడివారి పడవ అద్దెకు తీసుకుంటే చాలా చిక్కులు ముందే తీరిపోతాయి: ఎక్కడ వల ఉందో పడవ నడిపేవారికే తెలుసు, మీరు ఎవరని అడిగేవారికి సమాధానం చెప్పేదీ వారే.

పట్టిన చేపను అమ్మకండి. సగం పడవవారికి ఇవ్వండి. వంజరం పడితే సగం కంటే ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినా ఇవ్వండి, రేపు మళ్లీ అదే పడవ కావాలి. వల తగులుకున్నా, తాడు అడ్డం వచ్చినా కోసేయకండి. ప్రాణం మీదికి వస్తే వేరు. అప్పుడు కోసి, ఒడ్డుకు వచ్చాక వెళ్లి చెప్పి, పరిహారం ఇవ్వండి.

గన్ విషయంలో తోడుతో ముందే ఏం మాట్లాడుకోవాలి?

ఇద్దరికీ కలిపి ఒకటే గన్. కొత్త జోడీ ఇలాగే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఒకరి చేతిలో గన్ ఉంటే రెండోవారికి చూడటం తప్ప వేరే పని ఉండదు, చూడటమే కావలసింది. రెండు గన్‌లు ఉన్న రోజున ఇద్దరూ చేపల వెంట పోతారు, పైన ఎవరూ మిగలరు. దిగి వచ్చినవారు దిగినంతసేపటికి కనీసం రెట్టింపు సేపు పైన ఆగి, అప్పుడు గన్ చేయి మార్చాలి.

నీటి బయట గన్ ఎప్పుడూ బిగించి ఉండకూడదు, పడవలో అసలే కాదు. మనిషి ఉన్న వైపు మొన తిప్పకూడదు. చెన్నై నీళ్లలో చూపు ఆనే దూరం కంటే ఈటె పోయే దూరం ఎక్కువైన రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో గన్ పడవలోనే ఉండాలి. తేలే బుర్రకు జెండా కట్టి దాన్ని వెంట లాక్కుంటూ వెళ్లండి. నీటిలో డైవర్ ఉన్నారని చెప్పే ఎర్ర జెండా, దాని మీది ఏటవాలు తెల్ల పట్టీ ఇక్కడి పడవవారందరికీ తెలియాలనేమీ లేదు, కానీ ఎర్రగా ఏదో ఊగుతోందంటే పక్కకు తిప్పుతారు. విమానంలో గన్ క్యాబిన్‌లోకి రానివ్వరు, సామానులో వేయాలి.

నేను మహిళను. తెలియనివారితో సముద్రంలోకి వెళ్లడమెలా?

మొదటి కలయిక కొలనులోనే, జనం ఉండే వేళలో. పడవ యాత్రకు ముగ్గురైతే మేలు. నిజానికి ఎవరికైనా మేలే: ఒకరు దిగుతారు, ఒకరు చూస్తారు, ఒకరు విశ్రాంతి తీసుకుంటారు. డైవింగ్ కేంద్రాల్లో మహిళా శిక్షకులు ఉన్నారేమో అడగండి, వారి పాత విద్యార్థినుల్లో మీలాగే తోడు కోసం చూస్తున్నవారు ఉంటారు. రక్షణ సాధనలో గడ్డం, తల, భుజం తప్పక పట్టుకోవాల్సి వస్తుంది. ఎక్కడ పట్టుకోవాలో శిక్షకుల ముందే నేర్చుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. ఆ సాధన వంకతో హద్దు మీరేవారు కనిపిస్తే రెండో అవకాశం ఇవ్వకండి.

బెంగళూరులో ఉన్న స్నేహితుడు వారాంతాల్లో వస్తానంటున్నాడు. కుదురుతుందా?

ఫ్రీడైవింగ్‌కు కుదురుతుంది, రాత్రంతా బస్సులో నిద్ర లేకుండా వచ్చి తెల్లవారే దిగడం మాత్రం వద్దు. నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం రెండూ ఊపిరి బిగబట్టేవారికి శత్రువులు. శుక్రవారం రాత్రికే వచ్చి పడుకోవాలి.

స్కూబా అయితే ఇంకో లెక్క ఉంది. ఒక డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవింగ్ వైద్యుల సలహా. ఆ సలహా విమానాలకు మాత్రమే కాదు, సముద్రమట్టానికి 600 మీటర్లకు పైబడిన ఎత్తులకూ వర్తిస్తుంది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. ఆదివారం మధ్యాహ్నం డైవ్ ముగించి సాయంత్రం కారులో బెంగళూరు బయలుదేరితే విమానం ఎక్కినంత పనే. చెన్నైలో డైవ్ చేసి అదే రాత్రి తిరుమల కొండెక్కే మనవారికీ ఇదే వర్తిస్తుంది. ముందు దర్శనం, తర్వాత డైవ్ పెట్టుకోండి.

ఎలాంటివారిని వదులుకోవాలి?

గడియారంలో లోతు చూపించి గొప్పలు పోయేవారు. రక్షణ సాధన చేద్దామంటే "మనకెందుకు గురూ" అనేవారు. ముందు రాత్రి మందు తాగి వచ్చేవారు. మీరు వద్దన్న రోజున బుజ్జగించేవారు. ఈ చివరివారు పైకి చాలా స్నేహంగా ఉంటారు, అందుకే కష్టం. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా "ఈ రోజు వద్దు" అనవచ్చు, అన్నాక చర్చ ఉండదు అని మొదటే ఒప్పందం చేసుకోండి. పడవ అద్దె పోతుందన్న బాధ రాకుండా, ఆ రోజు ఎవరు వద్దన్నా అద్దె మాత్రం ఇద్దరూ సమానంగా పంచుకోవాలి.

అత్యవసరానికి ఎవరికి ఫోను చేయాలి?

సముద్రంలో రక్షణకు భారత తీర రక్షక దళం 1554, తమిళనాడు తీర భద్రతా దళం 1093, ఒడ్డున అంబులెన్సుకు 108. ఈ మూడూ మీ ఫోనులో, తోడు ఫోనులో, పడవవారి ఫోనులో ఉండాలి. నీరు చొరని సంచిలో ఫోను పడవలో పెట్టుకోండి. బయలుదేరే ముందు ఎక్కడ దిగుతున్నారో, ఎన్నింటికి ఒడ్డుకు వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి, ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా చెప్పండి. స్కూబా చేస్తే దగ్గరలో రీకంప్రెషన్ చాంబర్ (డైవర్లకు గాలి ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) ఎక్కడుందో, ఇప్పుడు పనిచేస్తోందో లేదో డైవింగ్ కేంద్రంలో ముందే అడిగి రాసుకోండి. అలల హెచ్చరికలకు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర సూచనలు చూడండి. గాలి లేకపోయినా దూరపు అలలు వచ్చి పడే కళ్లక్కడల్ హెచ్చరిక ఉన్న రోజున ఒడ్డు దగ్గర కూడా నీళ్లలోకి దిగవద్దు.

మూడు నెలలైనా ఎవరూ దొరకలేదు. ఏం చేయను?

కొలను మానకండి, అక్కడ కూడా ఊపిరి బిగబట్టే సాధన ఒంటరిగా వద్దు. ప్రాణరక్షకులు గట్టున ఉన్నంత మాత్రాన వారు మిమ్మల్నే చూస్తున్నారనుకోకండి. ఊపిరి సాధన చేయాలంటే ఇంట్లో, పొడి నేల మీద, పడుకుని చేయండి. సముద్రంలో నీటిపైనే తేలుతూ, స్నార్కెల్‌తో, దిగకుండా తిరగండి, అది కూడా ఎవరో ఒకరు వెంట ఉన్నప్పుడే. ఆ మూడు నెలలు పార్‌ల పేర్లు, ఏ వాటానికి ఎక్కడ నీళ్లు తేటపడతాయో పడవవారి దగ్గర రాసుకోండి.

ఇంకా దొరకకపోతే మీరే తయారు చేసుకోవచ్చు. ఆఫీసులో బాగా ఈదేవారు, మాట మీద నిలబడేవారు ఒకరు ఉండే ఉంటారు. వారిని మొదటి స్థాయి కోర్సుకు పంపండి, ఫీజులో కొంత మీరు పెట్టుకున్నా తప్పులేదు. సమయం పడుతుంది. ఫిబ్రవరిలో నీళ్లు తేటపడే సరికి ఇద్దరూ సిద్ధంగా ఉండాలంటే, వానాకాలం ముగిసే లోపు కొలనులో మొదలుపెట్టాలి.